కామెడీ సినిమాలో ఎవరికి ఎంత చోటు దక్కిందో ఎలా అంచనా వేయాలి?

తెర మీద ఎంతమంది ఉన్నారని లెక్కపెడితే సరిపోదు, జోకు ఎవరు వేస్తున్నారు, ఎవరి మీద పడుతోంది అన్నది చూడాలి. 2021లో వచ్చిన ‘జాతిరత్నాలు’ తీసుకోండి. ఒకప్పుడు మన సినిమాల్లో తెలంగాణ యాసని ఎక్కువగా రౌడీకో, కమెడియన్‌కో అంటగట్టేవాళ్లు. ఇందులో జోగిపేట కుర్రాడు శ్రీకాంత్ హీరోగా అదే యాసలో మాట్లాడతాడు, నవ్వు అతని తింగరి పనుల వల్ల వస్తుంది తప్ప యాసని వెక్కిరించడం వల్ల కాదు, నాకు బాగా నచ్చింది అదే. ఆడవాళ్ల దగ్గరికొస్తే మాత్రం మార్కులు తగ్గుతాయి. హీరోయిన్ చిట్టి కోర్టులో వాదిస్తుంది, బాగుంది, కానీ కథంతా ముగ్గురు మగవాళ్లదే. ఇద్దరు ఆడవాళ్లు మగవాడి గురించి కాకుండా ఇంకేదైనా మాట్లాడుకున్నారా అని అడిగే బెక్‌డెల్ టెస్ట్ 1985 నాటిది, మొదటి వడపోతకి పనికొస్తుంది. ఆ తర్వాత లావుగా ఉన్నవాళ్లు, నత్తి ఉన్నవాళ్లు కేవలం అందుకే నవ్వులపాలవుతున్నారా అన్నది గమనించండి.