పాస్తాలో పెరుగు విరిగిపోతోందా?

ప్రశ్న: అక్కా, నమస్తే. ఫోన్లో వీడియో చూసి మా అబ్బాయి పట్టుబడితే టర్కీ పాస్తా చేశాను. కీమా కూర వండి, అందులోనే ఉడికిన పాస్తా, అర లీటరు పెరుగు వేసి ఐదు నిమిషాలు ఉడకనిచ్చాను. పెరుగు పలుకులు పలుకులుగా విరిగి అడుగున నీళ్లు దిగాయి. రుచి కూడా మన కీమా కూరలాగే ఉంది. ఆదివారం చుట్టాలొస్తున్నారు, మళ్లీ చేయాలంటే టెన్షన్‌గా ఉంది. ఎక్కడ పొరపాటు జరిగింది?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: పెరుగును పొయ్యి ఎక్కించారు చెల్లీ, అదే పొరపాటు. మజ్జిగ పులుసులో శనగపిండి ఎందుకు కలుపుతామో మీకు తెలుసుగా, అది లేకుండా కాస్తే పులుపూ వేడీ కలిసి పెరుగు ముద్దలు కట్టి నీరు విడిపోతుంది. టర్కీ వాళ్లు కూడా పెరుగు సూప్ కాచేటప్పుడు పిండి, గుడ్డు సొన కలుపుతారు. ఈ పాస్తాకి మాత్రం పెరుగును పచ్చిగానే వేస్తారు.

అసలు దీనికి మూలం మంతి. టర్కీలోని కైసేరి ఊరు దానికి పెట్టింది పేరు. చిన్న చిన్న పిండి రేకుల్లో చిటికెడు కీమా పెట్టి మడిచి, ఉడికించి, పైన వెల్లుల్లి పెరుగు, కారం కలిపిన ఎర్రటి వెన్న పోస్తారు, ఒక్క చెంచాలో నలభై పట్టాలంటారు అక్కడ. ఇంట్లో రోజూ అన్ని మడవాలంటే ఎవరి తరం? అందుకని పాస్తా ఉడికించి, కీమాను పైన వేసేసుకుని దాన్ని ‘యలంజి మంతి’ అంటారు, అంటే ఉత్తుత్తి మంతి. మీ అబ్బాయి అడిగింది దాదాపు ఇదే.

పావు కిలో పాస్తాకి అర లీటరు పెరుగు సరిపోతుంది, కానీ పుల్లటిది వద్దు, ఆ ముందురోజు రాత్రి తోడుపెట్టింది తీసుకుని పల్చటి గుడ్డలో కట్టి రెండు గంటలు ఫ్రిజ్‌లో వేలాడదీయండి. వడ్డించడానికి అరగంట ముందు బయట పెట్టి, రెండు వెల్లుల్లి రెబ్బలు ఉప్పుతో మెత్తగా నూరి కలపండి. ఫ్రిజ్‌లోంచి తీసింది తీసినట్టు వేస్తే పాస్తా చల్లారిపోతుంది, నాకైతే అది అస్సలు నచ్చదు.

కీమా 300 గ్రాములు. కడిగితే జల్లెడలో వేసి నీరంతా ఓడ్చాలి, లేకపోతే వేగదు, ఉడుకుతుంది. ఉల్లిపాయ వేయించి, కీమా వేసి పెద్ద మంట మీద గోధుమరంగు వచ్చేదాకా కదుపుతూ ఉండి, అప్పుడు రెండు చెంచాల టమాటా పేస్టు, మిరియాల పొడి, కొంచెం జీలకర్ర పొడి, కొద్దిగా కారం వేయండి. గరం మసాలా, ధనియాల పొడి, అల్లం ఏవీ వద్దు. మీకు కీమా కూర రుచి వచ్చింది వాటివల్లే అనుకుంటున్నాను.

చివర్లో వెన్న. చిన్న మూకుడులో రెండు చెంచాలు కరిగించి, నురగ తగ్గాక మంట ఆపేసి, అప్పుడే కారం, ఎండు పుదీనా వేయాలి. మంట మీద ఉండగా వేస్తే కారం నల్లబడి చేదెక్కుతుంది. వాళ్లు వాడే పుల్ బిబెర్ కచ్చాపచ్చా మిరప తునకలు, మన గుంటూరు మిర్చంత మంట ఉండదు. కశ్మీరీ మిరపకాయలు గింజలు తీసి కచ్చాపచ్చాగా దంచి వేసుకోండి. పుదీనా నాలుగు రోజులు నీడన ఆరబెట్టి నలిపితే చాలు, పచ్చిది వేస్తే ఆ వాసన రాదు.

పళ్లెంలో ముందు పాస్తా, దాని మీద పెరుగు, ఆపైన కీమా, అన్నిటికీ పైన వెన్న. పాస్తాను వార్చిన వెంటనే కాక రెండు నిమిషాలు ఆగి పెరుగు వేయండి. ఎవరి పళ్లెం వాళ్లకి విడిగా వడ్డించండి, గిన్నెలో కలిపి పెడితే పదినిమిషాల్లో ముద్దయిపోతుంది.

ప్రశ్న: మా ఇంట్లో మాంసం తినరండీ. కీమా బదులు ఏం వేయొచ్చు?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: పుట్టగొడుగులు సన్నగా తరిగి, నీరు ఇగిరి అంచులు ఎర్రబడేదాకా వేయించండి, మిగతాదంతా పైన చెప్పినట్టే. సోయా కీమా వాడితే వేడినీళ్లలో నానబెట్టి గట్టిగా పిండి వేయించండి, టమాటా పేస్టు ఒక చెంచా ఎక్కువ పడుతుంది.