ఆ ఊరితో మన చుట్టరికం తెలుసుకొని వెళ్ళండి

ఆఫీసు పని మీద కొత్త ఊరికి వెళ్తున్నానని, పని ముగిశాక ఒకటిన్నర రోజు చేతిలో ఉంటుందని, ఆ కొద్ది సమయంలో వీలైనన్ని ఎక్కువ చోట్లు చూడాలంటే ప్రణాళిక ఎలా వేసుకోవాలని మీరు అడిగారు. ఆ "ఎక్కువ చోట్లు" అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం ఉంది. చాలా ఏళ్ళ కిందట కుటుంబంతో కలిసి ఒక యాత్రా బస్సులో వెళ్ళి, ఒకే రోజులో పదకొండు చోట్లు చూశాము. ఈనాడు నాకు వాటిలో ఏ గుడి గోపురమూ గుర్తు లేదు. ప్రతిచోటా దిగగానే "ఇరవై నిమిషాల్లో వచ్చేయాలి" అని క్లీనరు వేసిన కేక మాత్రం గుర్తుంది. కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు ఒకటే. బయలుదేరే ముందు, మీ ఊరికీ ఆ ఊరికీ ఉన్న చుట్టరికం ఏమిటో తెలుసుకోండి. అక్కడికి వెళ్ళాక ఆ ఒక్క దారినే నడవండి. మిగిలినవన్నీ నిశ్చింతగా వదిలేయండి.

నేను తంజావూరును అలాగే చూశాను. మాది రాజమహేంద్రవరం; ముప్ఫై ఏళ్ళకు పైగా ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పాను. ఆగస్టు నెలలో మిత్రుని కుమార్తె పెళ్ళికి తిరుచిరాపల్లి వెళ్ళినప్పుడు, తిరుగు రైలుకు సరిగ్గా ఒకటిన్నర రోజు మిగిలింది. అక్కడి నుంచి తంజావూరు రైల్లో గంట ప్రయాణం. పెళ్ళికి వచ్చినవారంతా కారు మాట్లాడుకొని కుంభకోణం, దారాసురం, గంగైకొండ చోళపురం, నవగ్రహ క్షేత్రాలు అన్నీ ఒక్క రోజులో చుట్టి వద్దామని నన్నూ రమ్మన్నారు. నేను ఒప్పుకోలేదు. నాకు తంజావూరులో చూడవలసిన చుట్టాలు ఉన్నారు.

ఈ చుట్టరికం మాటవరసకు చెప్తున్నది కాదు, నిజమైన పెళ్ళి సంబంధం. తంజావూరు పెద్దగుడి, అంటే బృహదీశ్వరాలయం, కట్టించిన రాజరాజ చోళుడు తన కుమార్తె కుందవ్వను వేంగీ చాళుక్యుడైన విమలాదిత్యునికి ఇచ్చి పెళ్ళి చేశాడు. వారి కొడుకే రాజరాజ నరేంద్రుడు, అంటే మా ఊళ్ళో కొలువుతీరి నన్నయ చేత మహాభారతాన్ని తెలుగులో రాయించిన రాజు. ఆయన కొడుకు కులోత్తుంగుడు 1070లో చోళ సింహాసనాన్నే ఎక్కాడు. ఏటా పిల్లలకు నన్నయ పాఠం చెప్పేటప్పుడు "రాజరాజ నరేంద్రుడు" అన్న పేరు నా నోట ఎన్ని వందల సార్లు పలికిందో లెక్క లేదు. కానీ ఆ పేరు తాతగారి పేరని, ఆ తాతగారి ఇల్లు ఇదని, ఆ గుడి ముందు నిలబడిన రోజున గాని నాకు మనసుకు ఎక్కలేదు.

తెల్లవారుజామున దిగితే హోటల్లో మధ్యాహ్నం పన్నెండింటి దాకా గది ఇవ్వరు. ఈ పద్ధతి వల్ల చిన్న ప్రయాణాలు చేసేవారికి జరిగే నష్టం ఇంతా అంతా కాదు. రోజులో అన్నిటికన్నా విలువైన ఉదయం గంటలు హోటల్ వసారాలో సంచి పక్కన పెట్టుకొని కూర్చోవడంలో కరిగిపోతాయి. గది కోసం ఎదురుచూడకుండా రైల్వేస్టేషన్ క్లోక్‌రూంలో సంచి పెట్టి, ముఖం కడుక్కొని, కాఫీ తాగి, పెద్దగుడికి నడవండి. అది నడిచి వెళ్ళగల దూరమే.

పెద్దగుడికి రెండుసార్లు వెళ్ళండి, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఒకటిన్నర రోజులో ఒకే గుడికి రెండుసార్లు వెళ్ళమంటే సమయం వృథా అని మీకు అనిపించవచ్చు, కానీ దానికి కారణం ఉంది. 1010లో పూర్తయిన ఈ గుడి విమానం, అంటే గర్భగుడి మీది శిఖరం, రెండు వందల అడుగులకు మించిన ఎత్తు. దాని నీడ నేల మీద పడదని చిన్నప్పటి నుంచి వింటూ వచ్చాము. పాఠశాలలో తోటి ఉపాధ్యాయులు కూడా పిల్లలకు ఆ మాటే చెప్పేవారు. నేను ఉదయం వెళ్ళినప్పుడు నీడ పడమటి వైపు ప్రాకారం దాకా పరుచుకొని ఉంది. సాయంత్రం వెళ్ళేసరికి అదే నీడ తూర్పు వైపుకు తిరిగింది, పిల్లలు దాని చల్లదనంలో పరుగులు తీస్తున్నారు. అప్పుడు ఆ గుడి గురించి వెయ్యి మంది చెప్పిన మాట కన్నా నా కళ్ళు చెప్పిన మాట నాకు దక్కింది. ఇక మధ్యాహ్నం గర్భగుడి మూస్తారు, చెప్పులు బయటే విడిచిపెట్టాలి కాబట్టి ఎండకు కాలిన రాతి పలకల మీద అడుగు వేయలేరు. కారులో వచ్చే యాత్రికులు ఎక్కువమంది సరిగ్గా ఆ వేళకే చేరుకొని, గోపురం ముందు ఫోటో దిగి వెళ్ళిపోవడం చూస్తే నాకు నిజంగా బాధ కలిగింది.

ఆ గుడి అధిష్ఠానం (పునాది పీఠం) చుట్టూ చెక్కిన శాసనాలు తమిళంలో ఉన్నాయి. నాకు ఆ లిపి చదవడం రాదు. అయినా వెళ్ళే ముందు వాటిలో ఏముందో చదువుకొని వెళ్ళడం వల్ల, ఆ అక్షరాల మీద చూపు ఆనించి చాలాసేపు నిలబడగలిగాను. తాను ఇచ్చినవీ, తన అక్క ఇచ్చినవీ, తన రాణులు ఇచ్చినవీ, ఇతరులు ఇచ్చినవీ అన్నీ రాతి మీద రాయమని రాజరాజు ఆజ్ఞాపించాడు. తనతో పాటు అక్కగారి పేరును కలుపుకొన్న ఆ రాజు మీద నాకు గౌరవం పెరిగింది. గుడి సేవకు వేర్వేరు ఊళ్ళ నుంచి రప్పించిన నాలుగు వందల మంది నాట్యకత్తెల పేర్లు, ఎవరిది ఏ వీధిలో ఎన్నో ఇల్లు అనే వివరంతో సహా అక్కడ ఉన్నాయి. వెయ్యేళ్ళ కిందటి ఆడవారి చిరునామాలు అన్ని వందలుగా చెక్కి ఉన్న గోడ మరొకటి నేనెక్కడా చూడలేదు.

మధ్యాహ్నం ఎండవేళను రాజభవనానికి కేటాయించాను. కంచు విగ్రహాల ప్రదర్శనశాల, సరస్వతీ మహల్ గ్రంథాలయం రెండూ అక్కడే ఉన్నాయి. పదిహేడో శతాబ్దంలో నాయక రాజుల కొలువు తెలుగు కొలువు. రఘునాథ నాయకుడు స్వయంగా తెలుగులో కావ్యాలు రాశాడు, రామభద్రాంబ, మధురవాణి, రంగాజమ్మ వంటి విదుషీమణులు ఆ ఆస్థానాలలో వెలిగారు. తరువాత మరాఠా రాజైన రెండవ శరభోజి ఆ గ్రంథ భాండారాన్ని ఎంతగానో పెంచి 1832లో కన్నుమూశాడు. సందర్శకులకు తెరిచి ఉంచే భాగం చిన్నదే. మన తెలుగు పిల్లలకు పాఠ్యపుస్తకాలలో ఈ ఊరి గురించి నాలుగు పంక్తులు మించి చెప్పకపోవడం పెద్ద లోపమని నా అభిప్రాయం.

మరునాటి ఉదయం ఆరింటికే బస్సు ఎక్కి తిరువయ్యారు వెళ్ళాను. పదమూడు కిలోమీటర్ల దూరంలో, కావేరి ఒడ్డున, త్యాగరాజస్వామి సమాధి ఉన్న ఊరు అది. పుష్య బహుళ పంచమి నాడు ఆరాధనకు జనం విరగబడే ఆ చోటికి నేను వెళ్ళినది ఏ పండుగా లేని రోజున. మేట్టూరు ఆనకట్ట నుంచి నీళ్ళు వదిలిన కాలం కావడంతో ఏరు నిండుగా ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టకముందు కాటన్ దొర 1830లలో ఈ కావేరి నీళ్ళ మీదే, దాని పాయ అయిన కొల్లిడం మీది ఆనకట్టల దగ్గర పని చేశాడు. గోదావరి ఒడ్డున పుట్టినవాడిని కాబట్టి మెట్ల మీద కూర్చొని ఆ నీళ్ళను పరాయి నీళ్ళు అనుకోలేకపోయాను.

ఈ సమాధి మందిరాన్ని తన సొత్తు ధారపోసి కట్టించిన గాయని బెంగుళూరు నాగరత్నమ్మ సమాధి కూడా అక్కడే, స్వామికి అభిముఖంగా ఉంది. ఆమెకు నమస్కరించి పక్కకు వచ్చేసరికి, పన్నెండేళ్ళ పాప ఒకతె, ఆమె నాయనమ్మ కాబోలు పెద్దావిడ ఒకరు అరుగు మీద కూర్చొని కీర్తన సాధన చేస్తున్నారు. పాప ఒడిలో నోటుపుస్తకం ఉంది. తెలుగు సాహిత్యాన్ని తమిళ లిపిలో రాసుకుంది. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం కదా. ఏది ఎలా పలకాలో తెలియడానికి అక్షరం పైన చిన్న చిన్న అంకెలు వేసుకుంది. గ కారం దగ్గర మూడు, భ కారం దగ్గర నాలుగు. ఇంత శ్రమపడి మన మాటను తప్పు లేకుండా పలకాలనుకున్న ఆ పాపను చూస్తే నాకు కళ్ళు చెమర్చాయి. మా బడిలో సొంత భాషలోనే ఒత్తు పలకమంటే విసుక్కున్న పిల్లలు ఎందరో జ్ఞాపకం వచ్చారు.

నేను తెలుగువాడినని తెలియగానే పెద్దావిడ ముఖం వికసించింది. ఆవిడకు కీర్తనలు ఎన్నో కంఠస్థం, తెలుగు మాట్లాడడం మాత్రం రాదు. పాప నోటుపుస్తకంలో ఒక మాట మీద వేలు పెట్టి, "సార్, దీనికి అర్థం?" అని అడిగారు. ఆ మాట "నెనరు". చెప్పడానికి నోరు తెరిచి ఆగిపోయాను. ప్రేమ అంటే చాలదు, దయ అంటే చాలదు. మన ఇళ్ళలో ఆ మాట వాడుక తప్పి చాలా కాలమైంది. ధన్యవాదాలకు బదులు "నెనరులు" అని రాసే కొందరు అంతర్జాల మిత్రుల దగ్గర మాత్రం అది కాస్త ఊపిరి పోసుకుంది. నాకు వచ్చిన తమిళం పది మాటలకు మించదు. వాటిలో నుంచి రెండు ఏరి, "అన్బు, అరుళ్, రెండూ కలిపి ఒకటే మాట అమ్మా" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, ఆ కీర్తనలో అదే మాట ఉన్న చోటును మళ్ళీ పాడారు. ఈసారి అక్కడ గొంతు మెత్తబడింది. పాప కూడా అలాగే అందుకుంది.

కారులో తిరిగి వచ్చినవారు ఆ రోజు రాత్రి రైల్లో తాము చూసిన గుళ్ళు లెక్కపెట్టుకుంటుంటే రెండిటి పేర్లు ఎవరికీ గుర్తు రాలేదు. మీరు వెళ్ళే ఊరు ఏదో మీరు రాయలేదు. అది కలకత్తా అయినా, అహ్మదాబాదు అయినా, మీ ఊరి నుంచి అక్కడికి వలస వెళ్ళినవారో, అక్కడి నుంచి వచ్చిన బట్టో, పాటో, పెళ్ళికూతురో తప్పక ఉంటారు. పేరు చెప్పండి, నాకు తెలిసినంతలో వెతికి రాస్తాను. ఒక పూట మాత్రం ఏ పనీ పెట్టుకోకుండా ఖాళీగా ఉంచుకోండి. నేను ఆ ఉదయం ఏడున్నర బస్సుకే తిరిగి వద్దామనుకున్నాను. పాప ఆ మాట కింద తన లిపిలో రెండు మాటలూ రాసుకొని, పుస్తకం తిప్పి ఇంకో పుట చూపించింది. పదిన్నర దాకా అక్కడే ఉన్నాను.