శుక్రవారం కాదు, మంగళవారం

చిరంజీవి చిన్నోడికి పెదనాన్న ఆశీస్సులు.

బేస్‌బాల్లో బంతి విసిరే పిచ్చర్‌గా మ్యాచ్ మొదలుపెట్టే స్టార్టర్‌వి కావాలా, మధ్యలో దిగే రిలీవర్‌వి కావాలా అని మొన్న నువ్వు అడిగినదానికి "ఆలోచించి చెప్తాలే" అని దాటేశాను. ఫోన్‌లో చెబితే "సరే పెదనాన్నా, సరే పెదనాన్నా" అంటూనే పక్కన ఇంకేదో మ్యాచ్ చూస్తుంటావు. అందుకే ఈ ఉత్తరం. మీ అమ్మ పట్టుబట్టి మనబడిలో నేర్పించిన తెలుగు ఇలాగైనా అక్కరకొస్తుంది. ఎక్కడైనా అడ్డుపడితే అమ్మ చేత చదివించుకో. ఎలాగూ నీకంటే ముందు ఆవిడే చదువుతుంది కాబట్టి కొన్ని సంగతులు ఆవిడ కోసం విడమరిచి రాస్తాను, విసుక్కోకు.

నీకు పందొమ్మిదేళ్లు. రెండేళ్లలో మూడు దెబ్బలు తగిలాయి. మొదట ముంజేతి కండరం, తర్వాత భుజం, ఈ వేసవిలో మోచేతి లోపలి లిగమెంట్‌లో కొద్దిపాటి చీలిక. ఆపరేషన్ అక్కర్లేదన్నారు, మళ్లీ బంతి పట్టుకున్నావు. మీ కోచ్ నిన్ను బుల్‌పెన్‌లోకి, అంటే రిలీవర్లు వార్మప్ చేస్తూ ఎదురుచూసే చోటికి, పంపిస్తానంటున్నాడు. ఒక్క ఇన్నింగ్స్, పదిహేను బంతులు, చేతికి భారం తక్కువ అని ఆయన లెక్క. నీకేమో శుక్రవారం మ్యాచ్ మొదలుపెట్టాలని ఉంది. (అమ్మా, కాలేజీ బేస్‌బాల్లో వారాంతం మూడు మ్యాచ్‌లుంటాయి. శుక్రవారం ముందుగా బంతి అందుకునేవాడే జట్టులో పెద్ద పిచ్చరన్నమాట. వారం మధ్యలో, ఎక్కువగా మంగళవారం, ఇంకో మ్యాచ్ పెడతారు. దానికి అంత హంగామా ఉండదు.)

నా మాట ముందే చెప్పేస్తాను. స్టార్ట్ చెయ్యి, కానీ శుక్రవారం కాదు, మంగళవారం. వారానికి ఒక్కసారి, మూడు ఇన్నింగ్స్, యాభై బంతులు దాటకుండా. ఈ ఒక్క సీజన్‌కి అంతే.

మీ కోచ్ చెప్పిన ఆ పదిహేను బంతుల దగ్గరే నాకు పేచీ. నేనిక్కడ హైస్కూల్ పిల్లలకు పిచింగ్ నేర్పిన రోజుల్లో ఒక కుర్రాడుండేవాడు, నీలాగే బక్కపల్చగా, పొడుగు చేతులతో. ఒక గురువారం ఐదో ఇన్నింగ్స్‌లో వాణ్ణి లేపి వార్మప్ చెయ్యమన్నాను. పాతిక బంతులు వేశాడు. ఈలోపు స్టార్టర్ ఎలాగో గట్టెక్కాడు, వీణ్ణి కూర్చోమన్నాను. ఆరో ఇన్నింగ్స్‌లో మళ్లీ లేపాను, ఇంకో ఇరవై వేశాడు, మళ్లీ కూర్చోబెట్టాను. స్కోర్‌బుక్‌లో ఆ రోజు వాడి పేరు పక్కన సున్నా. శుక్రవారం కూడా అదే తంతు. శనివారం చివరి ఇన్నింగ్స్‌కి దించితే తొమ్మిదో బంతికి మోచెయ్యి పట్టుకుని మౌండ్, అదే పిచ్చర్ నిలబడే దిబ్బ, దిగిపోయాడు. వాళ్ల నాన్న నా దగ్గరికొచ్చి "వీడు వారమంతా ఏమీ వెయ్యలేదు కదండీ" అన్నాడు. పుస్తకంలో ఉన్నదీ అదే. నాకు నోట మాట రాలేదు.

అందుకే చెబుతున్నాను, రిలీవర్ లెక్కల్లో కనిపించేది సగమే. స్టార్టర్ తను ఏ రోజు వెయ్యాలో వారం ముందే తెలుసుకుంటాడు. ఆ రోజు అరగంట ముందు నుంచి పరుగు, సాగదీతలు, దూరం నుంచి విసరడం, ఆ తర్వాతే మౌండ్. మర్నాటి నుంచి విశ్రాంతి. రిలీవర్‌కి బుల్‌పెన్‌లో ఫోన్ మోగుతుంది, నాలుగైదు నిమిషాల్లో సిద్ధమైపోవాలి, పైగా రేపూ మోగొచ్చు. గాయాలేమీ లేని చెయ్యి అయితే తట్టుకుంటుందేమో గాని, నీ చేతికి కావలసింది ముందే తెలిసిన షెడ్యూలు.

రెండోది వేగం. ఒక్క ఇన్నింగ్సే అనేసరికి ఎవడైనా ప్రతి బంతీ ప్రాణం పెట్టి వేస్తాడు. స్టార్ట్ చేసినప్పుడు నీది గంటకు 94 మైళ్లు. బుల్‌పెన్ నుంచి 97 వస్తుందని మీ కోచ్ మురిసిపోతున్నాడు. ఆ మూడు మైళ్ల బరువు మోసేది ఎవరనుకున్నావు? ఆ లిగమెంటే. మేజర్ లీగ్ (అమెరికాలో అన్నిటికంటే పెద్ద ప్రొఫెషనల్ బేస్‌బాల్ లీగ్) వాళ్లు 2024 డిసెంబరులో పిచ్చర్ల గాయాల మీద పెద్ద నివేదిక ఇచ్చారు. వేగం కోసం పాకులాడటాన్నీ, ప్రతి బంతీ పూర్తి బలంతో వెయ్యడాన్నీ అందులో ముఖ్య కారణాలుగా చూపించారు. గుంటూరులో నేను మ్యాటింగ్ మీద ఫాస్ట్ బౌలింగ్ చేసిన రోజుల్లో మా కెప్టెన్ ఒకేరోజు ఇరవై రెండు ఓవర్లు వేయించాడు. మర్నాడు దువ్వెన తలదాకా ఎత్తలేకపోయాను. అయినా క్రికెట్‌లో ఫాస్ట్ బౌలర్‌కి ముందుగా పోయేది నడుము. మీ ఆటలో మోచెయ్యి వంచి కొరడాలా ఝళిపిస్తారు కాబట్టి అక్కడే తెగుతుంది.

(అమ్మా, ఆ లిగమెంట్ పూర్తిగా తెగితే చేసేదే టామీ జాన్ ఆపరేషన్. 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ ముంజేతిలోంచి ఒక టెండన్ తీసి టామీ జాన్ అనే పిచ్చర్ మోచేతికి వేసి కుట్టాడు. ఆయన 1976లో తిరిగొచ్చి 1989 దాకా ఆడాడు. కాబట్టి ఆపరేషనంటే అన్నీ అయిపోయినట్టు కాదు. కానీ ఏడాదికి పైగా పోతుంది.)

మూడోది నీ చేంజప్, అదే ఫాస్ట్‌బాల్‌లా కనిపిస్తూ నెమ్మదిగా వచ్చే బంతి. నీకున్నవి ఒకటిన్నర బంతులని నేనెప్పుడూ ఏడిపిస్తాను కదా. ఫాస్ట్‌బాల్ ఒకటి, పక్కకి తిరిగే స్లైడర్ సగం. చేంజప్ వేసేటప్పుడు నీ చెయ్యి నెమ్మదిస్తుంది, బ్యాటర్ నీ వేళ్లు చూడకుండానే పసిగట్టేస్తున్నాడు. అది కుదరాలంటే మ్యాచ్‌లో వందల సార్లు వెయ్యాలి, కొట్టించుకోవాలి. ఒక్క పరుగు ఆధిక్యంతో ఆఖరి ఇన్నింగ్స్‌కి దిగినవాణ్ణి ఏ కోచ్ చేంజప్ ప్రాక్టీసు చెయ్యనిస్తాడు? మంగళవారం మ్యాచ్‌లో అయితే పదిహేను వెయ్యి, నాలుగు హోమ్‌రన్‌లు ఇచ్చుకో, పోయేదేం లేదు.

అట్లాంటా బ్రేవ్స్ పిచ్చర్ జాన్ స్మోల్ట్జ్ సంగతేంటంటావు, నాకు తెలుసు. 2000లో టామీ జాన్, తర్వాత బుల్‌పెన్, 2002లో 55 సేవ్‌లు (ఆఖర్లో దిగి ఆధిక్యం కాపాడిన మ్యాచ్‌లు), 2005లో మళ్లీ స్టార్టర్, చివరికి హాల్ ఆఫ్ ఫేమ్. నిజమే. కానీ ఆయన బుల్‌పెన్‌లోకి వెళ్లేనాటికే 1996లో ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు గెలిచిన మనిషి. నేర్చుకోవాల్సినవన్నీ నేర్చుకున్నాక వెళ్లాడు.

నీ వయసు వాళ్లకు సరిపోయే కథ జోబా చేంబర్లెయిన్‌ది. 2007లో న్యూయార్క్ జట్టు యాంకీస్ బుల్‌పెన్‌లో అదరగొట్టాడు. వరుసగా రెండు రోజులు వెయ్యకూడదని అతని కోసం ప్రత్యేకంగా నియమాలు పెట్టారు. 2008 మధ్యలో స్టార్టర్‌ని చేశారు, ఆగస్టులో భుజం దెబ్బతింది. 2009 అంతా స్టార్టర్, 2010లో మళ్లీ బుల్‌పెన్. 2011లో మోచెయ్యి పోయి టామీ జాన్ చేయించుకునేనాటికి అతను రిలీవరే. అటూ ఇటూ తిప్పారు గాని ఏ రొటీన్‌నీ కుదురుకోనివ్వలేదని నా అభిప్రాయం.

గ్యారెట్ క్రోషే అనే పిచ్చర్ విషయంలో మాత్రం షికాగో జట్టు వైట్ సాక్స్ వాళ్లు తెలివిగా నడిచారు. అతను మొదట రిలీవర్. 2022లో టామీ జాన్. 2024లో స్టార్టర్‌ని చేసి 32 మ్యాచ్‌లు ఇచ్చారు, కానీ వేయించింది 146 ఇన్నింగ్సే. సీజన్ రెండో సగంలో నాలుగు ఇన్నింగ్స్ దగ్గరే ఆపేస్తూ వచ్చారు. భారం తగ్గించాలని బుల్‌పెన్‌లోకి తొయ్యలేదు, రోజులు మార్చకుండా ఇన్నింగ్స్ కోశారు. మరుసటి ఏడు బోస్టన్‌కి వెళ్లి 200 ఇన్నింగ్స్ దాటించాడు. నేను నీకు చెబుతున్న మంగళవారం కూడా ఇలాంటిదే.

మీ అమ్మ కుమార్ రాకర్ అనే పిచ్చర్ పేరెత్తుతుంది, వాళ్లమ్మ మన దేశపు మూలాలున్న ఆవిడని. 2021లో మెట్స్ జట్టు అతణ్ణి ఎంచుకుని కూడా మెడికల్ రిపోర్టులు చూసి సంతకం చేయించుకోలేదు. 2023లో టామీ జాన్. 2024 సెప్టెంబరులో రేంజర్స్ జట్టు తరఫున స్టార్టర్‌గానే మేజర్ లీగ్‌లో దిగాడు. అంత వెనక్కిపోయినా బుల్‌పెన్‌లో దాచలేదని చెప్పడానికే ఇది. నువ్వు కుమార్ రాకర్‌వి కాదనుకో, అది వేరే మాట.

అలాగని నువ్వు జన్మంతా స్టార్టర్‌గానే ఉండాలని నా పట్టుదలేమీ లేదు. రెండేళ్లు తంటాలు పడ్డా చేంజప్ కుదరకపోతే బుల్‌పెన్‌లోకి వెళ్లు, నేనే కోచ్‌కి ఫోన్ చేస్తాను. ఏప్రిల్ మ్యాచ్ వీడియో మూడుసార్లు చూశాను. అరవయ్యో బంతి దాటాక నీ మోచెయ్యి భుజం కంటే కిందికి జారుతోంది. వచ్చే వసంతంలో అదే ముప్పయ్యో బంతికే కనిపిస్తే, అప్పుడు కూడా నా మాట మారుతుంది.

కోచ్ దగ్గర "నేను స్టార్టర్‌ని" అని భీష్మించుకోకు. స్కాలర్‌షిప్ ఆయన చేతిలో ఉంది. "బుల్‌పెన్‌లో వేసినవి కూడా లెక్కపెడతారా సార్?" అని అడుగు చాలు, మాట దానంతటదే ముందుకెళ్తుంది. ఒప్పుకోకపోతే కనీసం రెండు అడుగు. వరుసగా రెండు రోజులు వద్దు. ఒకసారి లేపితే దించినా దించకపోయినా ఆ రోజుకి అయిపోయినట్టే. పిచ్ స్మార్ట్ పట్టిక (ఏ వయసువాళ్లు ఎన్ని బంతులు వెయ్యాలో, ఎంత విశ్రాంతి తీసుకోవాలో చెప్పే మార్గదర్శకాలు) కూడా తీసుకెళ్లు. నీ వయసుకి 31 నుంచి 45 బంతులైతే ఒక రోజు, 46 నుంచి 60 అయితే రెండు రోజులు విశ్రాంతి. ఏడాదిలో కొన్నాళ్లు బంతి ముట్టుకోకపోవడం కూడా అందులో ఉంది. షోకేస్‌లంటూ, అదే జట్ల స్కౌట్ల ముందు ప్రతిభ చూపించే మ్యాచ్‌లంటూ, ఎవరు పిలిచినా వెళ్లకు. అలబామాలో బర్మింగ్‌హామ్ పరిశోధకులు కుర్ర పిచ్చర్లను పరిశీలించి, తరచూ అలసిన చేత్తో వేసినవాళ్లకు ఆపరేషన్ దాకా వెళ్లే ముప్పు 36 రెట్లని తేల్చారు. "అలసిపోయాను" అనడానికి నీకు నామోషీ అని నాకు తెలుసు.

దానికంటే ముందు ఒక పని. చిటికెన వేలు తిమ్మిరెక్కుతోందని నాకు చెప్పావు, ట్రైనర్‌కి చెప్పలేదు. మోచేతి లోపలి వైపు నుంచే ఆ వేలికి నరం వెళ్తుంది. రేపు పొద్దున్నే వెళ్లి చెప్పు. ఇన్నాళ్లూ దాచావని మీ అమ్మ ఇది చదివి తిడుతుంది, పడు.

పార్సిల్‌లో ఒక నోట్‌బుక్ పంపిస్తున్నాను, గీతలు కొట్టే ఉంచాను. మొదటి గడిలో తేదీ, రెండో దాంట్లో మ్యాచ్‌లో వేసినవి, మూడో దాంట్లో బుల్‌పెన్‌లో వేసినవి, చివర మర్నాడు పొద్దున చెయ్యి ఎలా ఉందో ఒక్క ముక్క. మూడో గడి ఖాళీగా వదలకు. ప్రతి ఆదివారం ఫొటో తీసి నాకు పంపు.

మీ పెదనాన్న