జామాయిల్ కర్రతో బల్ల నిలుస్తుందా?

ప్రశ్న: మా గట్టు మీద జామాయిల్, నిద్రగన్నేరు, సిల్వర్ ఓక్ చెట్లు బాగా ముదిరాయి. పరదేశం నుంచి వచ్చిన జాతులు కనుక పొయ్యిలోకి తప్ప పనికిరావని అంటున్నారు. ఇంటి సామానుకు వాడుకోవచ్చా?

జవాబు: తప్పకుండా వాడుకోవచ్చు. ముప్పయ్యేళ్లుగా చిత్రిక పడుతున్నాను. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ పొయ్యిపాలు కావలసినది కాదు. కాకపోతే మూడింటివీ మూడు స్వభావాలు.

నాకు ఎంతో ఇష్టమైన కర్ర నిద్రగన్నేరు. మధ్య అమెరికా, దక్షిణ అమెరికా దాని పుట్టిల్లు. ఆరేటప్పుడు కుంచించుకుపోయేది చాలా తక్కువ. అందుకే పచ్చి కర్రతోనే గిన్నెలు, పళ్లేలు చెక్కేస్తారు. చేవ, అంటే కాండం లోపలి ముదురు కర్ర, ముదురు గోధుమ రంగులో, నల్లటి చారలతో ఉంటుంది. బల్ల పైపలకకు ఇదే వాడండి. చుట్టూ ఉండే పసుపుపచ్చ లేతకర్రను మాత్రం పూర్తిగా తీసేయించండి, పురుగు ముందు పట్టేది దాన్నే.

జామాయిల్‌కు కొట్టిన క్షణం నుంచే జాగ్రత్త కావాలి. చెట్టు నిలబడి ఉన్నప్పుడే కాండం బయటి భాగం లాగి కట్టినట్టు, లోపలి భాగం అదిమిపెట్టినట్టు ఉంటుంది. అడ్డంగా కోయగానే ఆ బిగువు సడలి, కొస నడిమధ్య నుంచి నక్షత్రంలా చీలుతుంది. ఒకసారి పొద్దున కోసిన దుంగను ఎండలో వదిలేశాను. సాయంత్రానికి పగుల్లో నా చిటికెనవేలు దూరింది. అందుకే కొసలకు వెంటనే కరిగించిన మైనమో చిక్కటి పెయింటో పూయాలి. పలకలను నీడలో, గాలి ఆడేచోట, నడుమ సమాన మందం పట్టీలు పెట్టి పేర్చి, పైన బరువు పెట్టాలి. అంగుళం మందానికి ఏడాది ఆరాలన్నది పాత లెక్క. నేను ఒక ముక్కను వారం వారం తూస్తాను. తూకం తగ్గడం ఆగితేనే పనిలోకి తీసుకుంటాను. ఆరిన కర్ర చాలా గట్టిది, బెజ్జం వేయకుండా మేకు కొట్టకండి. మంచం కాళ్లకు, బల్ల చట్రానికి బాగుంటుంది.

సిల్వర్ ఓక్ పేరుకే ఓక్; అసలు ఊరు తూర్పు ఆస్ట్రేలియా. పలక వెడల్పు దుంగ నడిబొడ్డు నుంచి బెరడు వైపు సాగేలా కోయిస్తే, దాని మీద వెండి తళుకులాంటి మచ్చలు తేలుతాయి. అల్మరా తలుపులకు అంత అందం చాలు. వానకు తడిసేచోట వద్దు. దాని పొట్టు కొందరి చర్మానికి పడదు, దద్దుర్లు వస్తాయి. పొడుగు చేతుల చొక్కా వేసుకుని పని చేయమనండి.

ముందు జామాయిల్ కొట్టించండి, ఆరడానికి ఓపిక కావలసింది దానికే. మైనం కరిగించి పక్కన పెట్టుకున్నాకే రంపం వేయించండి.