పదేళ్ల తర్వాత షటిల్ ఫుట్‌వర్క్ మార్చుకుంటుంటే పిక్కలు పట్టేస్తున్నాయి, ఆపేయాలా?

ప్రశ్న: నా వయసు 43. అపార్ట్‌మెంట్ సిమెంట్ కోర్టులో పదేళ్లుగా షటిల్ డబుల్స్ ఆడుతున్నా. ఈమధ్య కోచింగ్‌లో చేరితే కోచ్ నా ఫుట్‌వర్క్ మొత్తం తప్పన్నాడు. మార్చుకుంటుంటే పొద్దున లేవగానే పిక్కలు పట్టేస్తున్నాయి, మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలి ముందుభాగం నొప్పి. ఈ వయసులో ఇది అయ్యే పనేనా, మానేయమంటారా? - ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మానేయక్కర్లేదండి, కొంచెం తగ్గించండి చాలు. మీరు రాయలేదు గానీ కోచింగ్‌కి వెళ్తూ సాయంత్రం పాత బ్యాచ్‌తో మ్యాచులు కూడా ఆడుతున్నారని నా అనుమానం, అసలు తేడా అక్కడే కొడుతుంది.

ఇన్నాళ్లూ మడమలు నేలకానించి నిలబడి, అందకపోతే చెయ్యి చాచి కొట్టేసుంటారు. ఇప్పుడు అవతలివాడు కొట్టిన ప్రతిసారీ ముని పాదాల మీద చిన్న గెంతు వేయమంటారు కదా, దాంతో పిక్కలకీ, మడమ వెనకుండే అకిలిస్ టెండన్‌కీ (పిక్క కండరాన్ని మడమ ఎముకకి కలిపే గట్టి పట్టీ) కొత్త పని పడింది. కండరం కొన్ని వారాల్లో అలవాటు పడిపోతుంది, టెండన్‌కి మాత్రం నెలలు పడుతుంది, ఈలోపు మనకి ఊపొచ్చి డోసు పెంచేస్తాం!

మోకాలి సంగతి ఎదురుగా చూస్తేనే తెలుస్తుంది కానీ, నెట్ దగ్గరికి పెద్ద అడుగు వేసినప్పుడు ముందు మడమ ఆనాలి, వేళ్లు వెళ్లే దిక్కుకే ఉండాలి, మోకాలు వేళ్ల వైపే వంగాలి, లోపలికి వాలిపోతే బరువంతా మోకాలి చిప్ప మీద పడుతుంది. ఫోన్‌లో ఎవరితోనైనా వీడియో తీయించుకుని చూడండి, మీకే అర్థమైపోతుంది.

ఒక నెల మ్యాచులు బాగా తగ్గించి, షటిల్ లేకుండా కోర్టులో ఆరు మూలలకీ (ముందు రెండు, పక్కల రెండు, వెనక రెండు) నెమ్మదిగా అడుగులు వేయడం ప్రాక్టీస్ చేయండి. పాత అలవాటు మెదడులోంచి చెరిగిపోదు, కొత్తది దాని పక్కన చేరుతుందంతే, అందుకే స్కోరు 19-19 అయ్యేసరికి కాళ్లు పాత దారే పడతాయి, దానికి ఫీలవకండి. ఇంట్లో మెట్టు అంచున నిలబడి మడమలు లేపి మెల్లగా దించండి, గోడకి ఆనుకుని కుర్చీలో కూర్చున్నట్టు అరనిమిషం చొప్పున నాలుగైదుసార్లు ఉండండి. నొప్పి మర్నాటికి తగ్గిపోతే పర్లేదు, పొద్దున్నే ఇంకా పెరిగితే మాత్రం ఆరోజు ఆట వద్దు.

రన్నింగ్ షూస్‌తో ఆడుతుంటే ముందు అవి మార్చండి, మడమ దగ్గర ఎత్తుగా మెత్తగా ఉంటాయి, పక్కకి కదిలేటప్పుడు చీలమండ మడతపడుతుంది.

నొప్పితోనే ఆడితే ఏమవుతుంది, సింధు ఆడలేదా అని అడిగేవాళ్లుంటారు. నిజమే, 2022 కామన్‌వెల్త్‌లో ఎడమకాలి నొప్పితోనే గోల్డ్ కొట్టింది, కానీ స్ట్రెస్ ఫ్రాక్చర్ (ఎముకలో సన్నని పగులు) అని తేలాక ఆ నెల్లోనే ఉన్న ప్రపంచ ఛాంపియన్‌షిప్ వదిలేసుకుంది, ఆ సంగతి ఎవరూ చెప్పరు.

ఆడుతుండగా వెనకనుంచి ఎవరో మడమ మీద తన్నినట్టు 'టప్' మని అనిపించి, మునివేళ్ల మీద లేవలేకపోతే అకిలిస్ తెగిందేమో అని అనుమానించాలి, మీ వయసు షటిల్ ఆటగాళ్లలో ఇది కొత్తేం కాదు. మసాజులూ కట్లూ వద్దు, అదేరోజు ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ టెండన్‌ని బలహీనపరచొచ్చు, మెడికల్ షాపులో అడిగి వేసుకునే అలవాటుంటే మానండి, ఈమధ్య వాడుంటే ఆ మాట డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. ఒక పిక్కే వాచి వేడిగా ఉన్నా, ఆడేటప్పుడు గుండె పట్టేసినట్టున్నా అది ఫుట్‌వర్క్ నొప్పి కాదు, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.