కొత్త కోచ్‌కు మూడో సీజను దాకా గడువు ఇవ్వు

చిరంజీవి ప్రసాద్‌కు ఆశీస్సులు.

కొత్త కోచ్ వచ్చాక మీ విశ్వవిద్యాలయం అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు వరుసగా ఓడిపోతున్నదనీ, అతణ్ని తొలగించాలంటూ పూర్వ విద్యార్థులు పంపుతున్న వినతిపత్రంపై నీవూ సంతకం చేయబోతున్నావనీ తెలిసింది. అమెరికాలోని వర్జీనియాలో స్థిరపడి ఈ ఆటను ఇన్నేళ్లుగా చూస్తున్నవాణ్ని కనుక, ఆ పని ఇప్పుడే చేయవద్దని చెబుతున్నాను.

ఫ్రాంక్ బీమర్ తాను చదివి, ఆడిన వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయానికే 1987లో కోచ్‌గా వచ్చినప్పుడు, అంతకుముందు జరిగిన నిబంధనల ఉల్లంఘన కారణంగా జట్టు స్కాలర్‌షిప్‌లకు కోత పడి ఉంది. ఆ ఏడాది రెండే గెలుపులు, తొమ్మిది ఓటములు. ఆరో ఏట, 1992లోనూ రెండు గెలుపులే దక్కాయి. ఆ సీజనులో రట్గర్స్ చేతిలో ఆట చిట్టచివరి క్షణంలో 50-49తో ఓడినప్పుడు అభిమానుల ఓపిక నశించింది. అయినా క్రీడా విభాగాధిపతి డేవ్ బ్రెయిన్ ఆయనను తీసివేయలేదు. సహాయక కోచ్‌లలో మార్పులు మాత్రం జరిగాయి. మరుసటి ఏడాది తొమ్మిది గెలుపులు వచ్చాయి, 1999 సీజనులో జట్టు ఏకంగా జాతీయ ఛాంపియన్‌షిప్ ఆట దాకా వెళ్లింది. కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో బిల్ స్నైడర్ కూడా 1989లో ఒక్క గెలుపుతోనే మొదలుపెట్టి, తర్వాత జట్టును నిలబెట్టాడు.

కొత్త కోచ్‌కు దక్కేది తాను ఎంచుకున్న జట్టు కాదు. హైస్కూలు నుంచి వచ్చిన పద్దెనిమిదేళ్ల లైన్‌మన్ (ముందు వరుసలో అడ్డుగా నిలిచే ఆటగాడు), తనకంటే నాలుగేళ్లు పెద్దవాడైన ప్రత్యర్థిని, తమ జట్టు దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరేదాకా ఆపగలగాలంటే బరువు పెరగాలి, బలం రావాలి, పాదాల కదలిక అలవడాలి. ఇందుకు రెండు మూడేళ్లు పడుతుంది. ఆటగాళ్లు తేలిగ్గా వేరే విశ్వవిద్యాలయానికి మారే వీలిచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక ఇదంతా పాత మాట అని నీవంటావు, 2024లో కర్ట్ సిగ్నెట్టి మొదటి సీజనులోనే ఇండియానా విశ్వవిద్యాలయానికి పదకొండు గెలుపులు తెచ్చాడనీ గుర్తు చేస్తావు. నిజమే. కానీ అతడు అప్పటికే పదేళ్లకు పైగా ప్రధాన కోచ్‌గా పనిచేసినవాడు, తాను అంతకుముందు పనిచేసిన జేమ్స్ మాడిసన్ విశ్వవిద్యాలయం నుంచి తన ఆటగాళ్లనూ వెంట తెచ్చుకున్నాడు. అతడే కొలబద్ద అయితే ఈ దేశంలో కోచ్ ఒక్కడూ మిగలడు.

కనుక ఈ రెండేళ్లు స్కోరుబోర్డు మీద కన్ను తగ్గించి, సీజను మొదట్లో, సెప్టెంబరులో జరిగిన పొరపాట్లు చివర్లో, నవంబరుకు తగ్గాయా, నిబంధన మీరినందుకు పడే పెనాల్టీలు ఎలా ఉన్నాయి, ఓడుతున్న జట్టులోకి కూడా మంచి హైస్కూలు కుర్రాళ్లు వస్తామంటున్నారా అన్నవి గమనించు. కోపం వస్తే క్రీడా విభాగానికి లేఖ రాయి, ఆటగాళ్లకు మాత్రం తిట్లు పంపకు, వాళ్లు విద్యార్థులు. డబ్బు సంగతీ మరచిపోకు: 2023లో కోచ్ జింబో ఫిషర్‌ను ఒప్పందం ముగియకముందే తొలగించినందుకు టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం అతడికి ఏడున్నర కోట్ల డాలర్లకు పైగా బాకీ పడింది. ఆడించడానికి కాదు, ఆడించకుండా ఉండడానికి!

ఓపికకూ హద్దుంది. స్కాట్ ఫ్రాస్ట్ కూడా బీమర్ లాగే తన పాత కళాశాలకే, నెబ్రాస్కాకు, 2018లో తిరిగి వచ్చాడు. 2021లో అతడి జట్టు తొమ్మిది ఆటలు ఓడింది. ఒక్కదానిలోనూ తేడా తొమ్మిది పాయింట్లు దాటలేదు. మిషిగన్ స్టేట్ మీద ఏడు పాయింట్ల ఆధిక్యంలో ఉండగా, పంటర్ (బంతిని దూరంగా తన్ని ప్రత్యర్థికి వదిలే ఆటగాడు) బంతిని ఒకవైపు తన్నితే తోటివారు మరోవైపు పరుగెత్తారు, ప్రత్యర్థి దాన్ని పట్టుకుని చివరి గీత దాకా పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. మరుసటి ఏడాది డబ్లిన్‌లో నార్త్‌వెస్టర్న్ మీద పదకొండు పాయింట్లు ముందుండి కూడా అనవసరమైన ఆన్‌సైడ్ కిక్‌తో (బంతిని దగ్గరలోనే తన్ని మళ్లీ తామే దక్కించుకోవాలని చూసే ఎత్తు) బంతి పోగొట్టుకుని, చివరకు ఆటే ఓడారు. అయిదో ఏటికీ చేతికొచ్చిన ఆటను జారవిడుచుకోవడం మానలేదన్నమాట. మీ కోచ్ మూడో సీజను ముగిసేనాటికీ ఇలా పాత పొరపాట్లే చేస్తూ ఉంటే, తొలగించమని నేనే నీతో చెబుతాను.

ఇట్లు,
నీ బాబాయి