డెయిరీ ఫారం పేడనీళ్లు ఎండిపోయిన గెడ్డలోకి వదలొచ్చా?

వదలకూడదు, గెడ్డలో చుక్క నీరు లేకపోయినా సరే. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం ‘ప్రవాహం’ అన్నమాటకు ఇచ్చిన అర్థంలో ప్రస్తుతం ఎండి ఉన్న వాగు, భూగర్భ జలం కూడా ఉన్నాయి. చాలామంది పొరబడేది ఇక్కడే.

పేడ కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి. చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలేది అందుకే. నేలలోకి ఇంకిన పేడ, మూత్రంలోని నత్రజని నైట్రేటుగా మారి బావుల్లో చేరుతుంది. ఆ నీళ్లు తేటగానే కనిపిస్తాయి, కాచినా నైట్రేటు పోదు. ఆ నీళ్లతో పాలపొడి కలిపి పట్టే పసిపిల్లలకు ఇది నిజంగా ప్రమాదం.

ఒడిశాలోని గుణుపురం దగ్గర 100 గేదెల ఫారం ఉందనుకుందాం. ఒక్కో గేదె రోజుకు 15 కిలోలు వేసినా 1,500 కిలోల పేడ. కొట్టం కడిగిన నీళ్లు వేరే. వేసవంతా గెడ్డలో పేరుకున్నదంతా తొలి వానకే వంశధారలో కలుస్తుంది. దిగువన శ్రీకాకుళం జిల్లా వాళ్లు వాడుకునేదీ ఆ నీళ్లే.

‘పేడ ఎరువే కదా’ అంటారు. పైరు తీసుకోగలిగినంత వేస్తే ఎరువే, మిగిలింది కాలుష్యమే. పంచాయతీ ఒప్పుకుంటే చాలనుకోవడమూ పొరపాటే. పెద్ద ఫారం పెట్టడానికి, నడపడానికి ఒడిశా కాలుష్య నియంత్రణ బోర్డు అనుమతి విడిగా తీసుకోవాలి.